పాత భవనం కూల్చివేత: వేలం పాటలో కనిపించని ఖర్చులు

దినపత్రికల జిల్లా పేజీలో ఒక మూలన అప్పుడప్పుడు చిన్న ప్రకటన కనిపిస్తుంటుంది. ఫలానా ప్రభుత్వ భవనం శిథిలావస్థకు చేరినందున దాన్ని కూల్చి సామాను తీసుకుపోవడానికి బహిరంగ వేలం నిర్వహిస్తున్నామని, ఆసక్తి గలవారు ధరావతు సొమ్ము చెల్లించి పాల్గొనవచ్చని దాని సారాంశం. చదివినవారికి కలిగే అభిప్రాయం ఒకటే: ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు, పైగా నాలుగు డబ్బులు వస్తున్నాయి.

ఎవరూ అబద్ధం చెప్పకుండానే పుట్టే తప్పుడు అభిప్రాయం ఇది. వేలం సొమ్ము ఒకే రోజు, ఒకే రసీదు మీద, ఒకే పద్దులో జమ అవుతుంది. ఖర్చు మాత్రం నీటి సరఫరా విభాగంలో కొంత, రోడ్ల మరమ్మతుల్లో కొంత, అద్దెల్లో కొంత, న్యాయవాదుల ఫీజుల్లో కొంత, రెండు మూడేళ్ల తర్వాత కొత్త భవనం కాంట్రాక్టరు పెట్టే అదనపు బిల్లులో కొంత, ఇలా చెల్లాచెదురుగా ఉంటుంది. వాటన్నిటినీ ఒక కాగితం మీదకు తెచ్చి కూడే బాధ్యత ఏ ఒక్క అధికారికీ లేదు. కర్నూలు లాంటి ఊళ్లో ఆ పద్దులు ఎక్కడెక్కడ ఉంటాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

అమ్ముడుపోయేది, పోనిది

భవనాన్ని కూల్చాలంటే ముందు అది పనికిరాదని ఇంజినీరు ధ్రువీకరించాలి. మున్సిపల్ భవనమైతే కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగం, ఇతర శాఖల భవనాలైతే ఎక్కువగా రోడ్లు భవనాల శాఖ ఈ పని చూస్తాయి. ఆ తర్వాత సర్వే రిపోర్టు తయారవుతుంది. ఎన్ని తలుపులు, ఎన్ని కిటికీలు, ఎంత కలప, ఎంత ఇనుము, ఎన్ని బండలు, ఒక్కొక్కటి ఎంత ధర పలుకుతుంది అని అందులో రాస్తారు. వచ్చిన మొత్తంలో నుంచి కూల్చే ఖర్చు తీసివేసి కనీస ధర నిర్ణయిస్తారు. పాట అక్కడ మొదలవుతుంది.

రిపోర్టు నిండా ఉండేది అమ్ముడుపోయే సామాను గురించే. అమ్ముడుపోని మట్టి, గార, ముక్కలైన ఇటుక, పునాది రాయి గురించి ఒకే వాక్యం ఉంటుంది: శిథిలాలను పాటదారే తొలగించవలెను. ఎక్కడికి? ఎంత లోతు వరకు? ఎన్ని టన్నులు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయని చోటే అసలు ఖర్చు మొదలవుతుంది.

మన ప్రాంతపు పాత కట్టడాల్లో అమ్ముడుపోయే సామాను నిజంగానే విలువైనదని ముందు ఒప్పుకోవాలి. బ్రిటిష్ కాలం నాటి కచేరీలు, అంటే ప్రభుత్వ కార్యాలయాలు, చాలావాటికి మద్రాసు టెర్రస్ పైకప్పు ఉంటుంది. టేకు దూలాలు, వాటి మీద ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన ఇటుక జల్లి కలిపిన సున్నపు కాంక్రీటు, దాని మీద పలక ఇటుకలు. నేల మీద బేతంచర్ల బండలు, తాడిపత్రి బండలు లేదా నల్లటి కడప బండలు ఉంటాయి. గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం ఇటుకను పట్టుకుంటుంది కానీ ఇటుక కంటే మెత్తగానే ఉంటుంది. ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడితే ఇటుక చెక్కుచెదరకుండా విడివడుతుంది. అంటుకున్న సున్నాన్ని గీకేస్తే దానితో మళ్లీ గోడ కట్టవచ్చు. సిమెంటు గోడలో ఇటుక కంటే అతుకే గట్టిది కాబట్టి ముందు ఇటుక విరుగుతుంది. అందుకే తొంభై ఏళ్ల కచేరీ సామానుకు ఉన్న గిరాకీ నలభై ఏళ్ల సిమెంటు భవనం సామానుకు ఉండదు.

బండల సంగతి దగ్గర నిలబడి చూస్తే వేలం షరతుల్లోని లోపం కళ్లకు కడుతుంది. బేతంచర్ల బండను పగలకుండా లేపడానికి ఇద్దరు మనుషులు, రెండు గడ్డపారలు కావాలి. ముందు అంచుల్లోని సున్నాన్ని ఉలితో తొలవాలి. గడ్డపార మొన దూర్చి ఒక చివర అంగుళం లేవగానే కింద చెక్క ముక్క పెట్టాలి. రెండో చివర కూడా లేచాకే బండను పైకెత్తాలి. తొందరపడి ఒకే వైపు బలం ప్రయోగిస్తే అది మధ్యకు పగులుతుంది. పగిలిన బండకు బండ ధర రాదు, ముక్కల ధర వస్తుంది. ఇంత జాగ్రత్తగా చేస్తే ఒక పెద్ద గది నేలకు రోజంతా పడుతుంది. అదే గదిని పొక్లెయిన్ అరగంటలో పిండి చేస్తుంది. వేలం షరతుల్లో గడువు ముప్పై రోజులని రాస్తే పాటదారు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు. పాట పాడేటప్పుడే ఆ నష్టాన్ని లెక్కవేసుకుని తక్కువకు పాడతాడు. స్థలం త్వరగా ఖాళీ కావాలని పట్టుబట్టిన కార్యాలయం తన ఆదాయాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆ సంగతి ఏ ఫైలులోనూ కనిపించదు.

వెయ్యి టన్నులు ఎక్కడ పోయాలి?

ఊహకు ఒక భవనం తీసుకుందాం. పొడవు 100 అడుగులు, వెడల్పు 50. ఒకే అంతస్తు, 15 అడుగుల ఎత్తు, రెండడుగుల మందం గోడలు. చుట్టు గోడ 300 అడుగులు, లోపలి అడ్డగోడలు మరో 200 అడుగులు. అంటే గోడల పరిమాణం 15,000 ఘనపుటడుగులు. తలుపులు, కిటికీల ఖాళీ కింద ఐదో వంతు తీసేస్తే 12,000. ఘనమీటర్లలో చెబితే దాదాపు 340. రాతి కట్టుబడి ఘనమీటరుకు 2.3 టన్నులు వేసుకుంటే సుమారు 780 టన్నులు. పైకప్పు 5,000 చదరపు అడుగులు, ముప్పావు అడుగు మందం, మరో 200 టన్నులు. పునాదులు, నేల, అరుగులు కలపకుండానే వెయ్యి టన్నులకు దగ్గరపడ్డాం. పాటదారు మనసు పడే టేకు, ఇనుము, బండలు ఇందులో బరువు ప్రకారం చిన్న భాగమే.

టిప్పరుకు 15 టన్నుల చొప్పున 65 ట్రిప్పులు. పాతబస్తీ సందుల్లోకి పెద్ద టిప్పరు దూరదు. చిన్నవాటితో తోలితే ట్రిప్పులు రెట్టింపు దాకా పోతాయి. పైగా గోడగా నిలబడి ఉన్నప్పటి కంటే కూలి కుప్పపడ్డాక పరిమాణం ఒకటిన్నర రెట్ల వరకు పెరుగుతుంది కాబట్టి, ఆవరణలో పట్టక రోడ్డు మీదకు వస్తుంది. కాలువ మూతలు విరుగుతాయి, రోడ్డు అంచులు కుంగుతాయి. ఆ మరమ్మతు వేరే పద్దు.

2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఒక రోజులో 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు వ్యర్థాలు వచ్చేట్టయితే వాటిని కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్, ఇటుక-గార అని నాలుగు రకాలుగా విడదీయాలి. పని మొదలుకాక ముందే స్థానిక సంస్థకు ప్రణాళిక ఇచ్చి ఆమోదం పొందాలి. రవాణాకు, శుద్ధికి రుసుములు కట్టాలి. మన ఊహా భవనం ఈ హద్దును ఎప్పుడో దాటేసింది. వీటి స్థానంలో 2025లో కొత్త నిబంధనలు ప్రకటించి 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన ప్రాజెక్టుల్లో వ్యర్థాల పూర్తి బాధ్యతను నిర్మాణదారు మీదే మోపడం వీటిలోని ప్రధాన మార్పు. జిల్లా కేంద్రాల్లో కూల్చే కచేరీలు, సత్రాలు, బడులు ఆ పరిమాణానికి ఆమడ దూరంలో ఉంటాయి. కాబట్టి భారం తిరిగి తిరిగి నగరపాలక సంస్థ నెత్తినే పడుతుంది.

మున్సిపల్ భవనమైతే ఇంకో విచిత్రం ఉంది. వ్యర్థం పుట్టించేది కార్పొరేషనే, ప్రణాళికను ఆమోదించేది కార్పొరేషనే, ఎక్కడపడితే అక్కడ పోస్తే జరిమానా వేయవలసింది కూడా కార్పొరేషనే. తనకు తాను జరిమానా రాసుకున్న కార్యాలయం ఉన్నట్టు నేనైతే వినలేదు.

స్థలం చూపించకుండా శిథిలాలు తీసేయమంటే పాటదారు దగ్గరి దారి చూసుకుంటాడు. కర్నూలులో దగ్గరి దారులు మూడు: హంద్రీ ఒడ్డు, తుంగభద్ర ఒడ్డు, కర్నూలు-కడప (కేసీ) కాలువ గట్టు. 2009 అక్టోబరు 2న ఊరు మునగడం చూసినవారికి ఏటి పక్కన టిప్పరు కుమ్మరించిన మట్టి ఎంత ఖరీదైనదో వివరించనక్కరలేదు. ఆ ఖర్చును మాత్రం కూల్చివేత పద్దులో రాయించడం ఎవరి వల్లా కాదు.

ఇంతకంటే చిరాకు పుట్టించే వృథా మరొకటి ఉంది. నల్లరేగడి నేలలో కొత్త భవనం కట్టాలంటే కొంత మట్టి తీసేసి గ్రావెల్ నింపాలి, బేస్‌మట్టం ఎత్తు లేపడానికి మరింత నింపాలి. అంటే అదే స్థలం నుంచి ఇటుక ముక్కలు, రాతి ముక్కలు బాడుగ కట్టి బయటికి తోలి, కొన్నాళ్లకు మళ్లీ బాడుగ కట్టి గ్రావెల్ లోపలికి తోలుకుంటాం. శుభ్రం చేసి నలగ్గొట్టిన శిథిలాల్లో కొంత భాగాన్ని అక్కడే వాడుకోవచ్చు. భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016 సవరణ తర్వాత, కూల్చిన కాంక్రీటు నుంచి తీసిన కంకరను సాదా కాంక్రీటులో 25 శాతం వరకు, ఎం25 (కాంక్రీటు బలాన్ని చెప్పే కొలత) స్థాయికి మించని ఇనుప కాంక్రీటులో 20 శాతం వరకు, పునాది అడుగున వేసే పలచని కాంక్రీటులో పూర్తిగా వాడడానికి అనుమతిస్తోంది. కూల్చే కాంట్రాక్టు ఒకరిది, కట్టే కాంట్రాక్టు మరొకరిది అయినప్పుడు ఈ పొదుపు ఎవరికీ పట్టదు.

సిమెంటు రేకులు, పాత రంగులు, తాళం వేసిన గదులు

పాత కార్యాలయాలకు వెనకవైపు సైకిల్ షెడ్డో, రికార్డు గదో, వరండానో సిమెంటు రేకులతో కప్పి ఉంటుంది. వాటిలో చాలావాటిలో ఉన్నది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. ఇది మనకు పరాయిదేమీ కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు డోలమైట్ రాళ్ల మధ్య నుంచి ఒకప్పుడు దీన్ని తవ్వి తీసేవారు. తర్వాత కేంద్రం కొత్త లీజులు ఆపేసింది. తవ్వకం ఆగినా దిగుమతి చేసుకున్న రాతినారతో రేకుల తయారీ కొనసాగింది, దేశంలో వాటి వాడకం మీద నిషేధం లేదు.

రేకు కప్పు మీద చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. పగిలినప్పుడు కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. ఊపిరితిత్తుల్లో చేరినవి అక్కడే ఉండిపోతాయి. జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. ఆస్‌బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి రేకులను తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు చేయకుండా దించాలి. కూలీలకు సరైన మాస్కులు ఇవ్వాలి, ముక్కలను మందపాటి సంచుల్లో మూసి కట్టాలి, ప్రమాదకర వ్యర్థాలకు కేటాయించిన చోటికి పంపాలి. అలాంటి చోట్లు ప్రతి జిల్లాలో ఉండవు. సర్వే రిపోర్టులో మాత్రం ఆ రేకులు ఆదాయం కిందే కనిపిస్తాయి. పగలనివి కొనేవారుంటారు, పగిలినవి ఇటుక ముక్కల్లో కలిసిపోతాయి. తలకు తువ్వాలు చుట్టుకుని సుత్తితో రేకులు పగలగొట్టే కూలీకి ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే దగ్గు ఏ అంచనాలోనూ ఉండదు.

రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందు దశాబ్దాలుగా వేసిన నూనె రంగు తలుపులను గీకినా, కాల్చినా ఆ సీసం దుమ్ముగా, పొగగా బయటికి వస్తుంది. పక్కనే బడి ఉంటే దీన్ని చిన్న విషయంగా తీసిపారేయలేం.

అన్నిటికంటే భయపెట్టేవి తాళం వేసిన గదులు. పాత ఆసుపత్రి, కళాశాల, ప్రయోగశాల భవనాల్లో ఏ మూలన ఏముందో తెలిసినవారు ఎప్పుడో పదవీ విరమణ చేసి ఉంటారు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న ఒక యంత్రాన్ని పాత సామానుగా వేలం వేశారు. అందులో రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉంది. మాయాపురి పాత ఇనుము బజారులో దాన్ని విప్పినవారు తీవ్రంగా జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. అక్కడ కూల్చింది భవనాన్ని కాదు, అమ్మింది ఒక యంత్రాన్నే. అయినా, లోపల ఏముందో చూడకుండా వేలం వేస్తే ఆ వేలం సొమ్ముకు ఎన్ని రెట్లు చెల్లించవలసి వస్తుందో చెప్పడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు. గది గదికీ తిరిగి జాబితా రాయడానికి నిపుణుడికి కొద్ది రోజులు పడుతుంది. ఆ కొద్ది రోజుల ఫీజు దండగ అనుకోవడంలోనే తంటా అంతా ఉంది.

నేల కింద ఉన్నది ఎవరిది?

వేలం పత్రంలో నేల మట్టం వరకు అని రాసి ఉంటే పాటదారు బేస్‌మట్టం పైనున్నది తీసేసి దండం పెట్టి వెళ్లిపోతాడు. అతని తప్పేమీ లేదు. పాత రాతి పునాదులు మూడు నాలుగడుగుల వెడల్పుతో, ఆరేడు అడుగుల లోతుతో అక్కడే ఉంటాయి. కొత్త భవనం నక్షాలో స్తంభం సరిగ్గా వాటి మీదే వస్తుంది. పని ఆగుతుంది. టెండరులో లేని అంశం కాబట్టి రాతి తవ్వకానికి కొత్త రేటు, అదనపు ఒప్పందం, పై అధికారుల ఆమోదం కావాలి. ఈలోగా మనుషులూ యంత్రాలూ ఖాళీగా ఉన్న రోజులకు కాంట్రాక్టరు విడిగా లెక్క చెబుతాడు. వేలంలో ఒక్క వాక్యం తగ్గించి మిగుల్చుకున్నదానికి ఇక్కడ వడ్డీతో సహా చెల్లింపు జరుగుతుంది.

ఆ తర్వాత గొట్టాలు. తొలినాళ్ల మంచినీటి పైపులు చాలా చోట్ల ప్రభుత్వ ఆవరణల గుండానే పోతాయి, అప్పట్లో అడ్డు చెప్పేవారు లేరు కాబట్టి. వాటికి పటాలు ఉండవు, ఉన్నా నిజానికీ పటానికీ పొంతన ఉండదు. ఏ వాల్వు ఎక్కడుందో తెలిసిన పాత ఫిట్టరును ఇంటికి వెళ్లి పిలుచుకురావడం మన ఊళ్లలో ఇప్పటికీ నడుస్తున్న పద్ధతే. పొక్లెయిన్ పళ్లు ఒకసారి పాత ఇనుప పైపుకు తగిలితే రెండు మూడు వార్డులకు నీళ్లు బంద్. పూడ్చిన బావులు, మరుగుదొడ్ల గుంతలు కూడా అంతే, టిప్పరు చక్రం కుంగినప్పుడే వాటి ఉనికి తెలుస్తుంది.

నల్లరేగడికి ఇంకో గుణం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఏళ్ల తరబడి ఒక భవనం కింద ఉన్న నేల ఎండావానలకు దూరంగా ఒక నిలకడకు వచ్చి ఉంటుంది. భవనం పోగానే ఆ నేల వానకు నేరుగా తడుస్తుంది. ఆవరణలోని పెద్ద వేపచెట్టునో చింతచెట్టునో కొట్టేస్తే, అప్పటిదాకా వేళ్లు పీల్చుకున్న నీరు నేలలోనే మిగిలి మరింత ఉబ్బిస్తుంది. (చెట్టు కొట్టడానికి 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి తీసుకోవాలి, బదులు మొక్కలు నాటాలి. అదో చిన్న పద్దు.) పక్కింటి పునాది లోతు తక్కువైతే గోడ పగులుతుంది. ఆ పగులు కూల్చివేత వల్ల వచ్చిందా, పదేళ్ల కిందటిదా? ముందుగా చుట్టుపక్కల ఇళ్ల గోడలను తేదీతో సహా ఫొటోలు తీసి, ఉన్న పగుళ్ల మీద సన్నటి గాజు పలకలు అతికిస్తే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. గోడ కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. గాజు నిలిచి ఉంటే గోడ కదల్లేదు. చవకైన పనే. చేయనప్పుడు మాత్రం వీధి వీధంతా పరిహారం కోసం బారులు తీరుతుంది, కాదనడానికి కార్యాలయం దగ్గర ఒక్క కాగితమూ ఉండదు.

ఎండాకాలంలో నీళ్లు చల్లాలి

కూల్చివేతలకు అనువైన కాలం వేసవి. వానలుండవు, బడులుండవు. కానీ దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ ఉండాలన్నది కూడా నిబంధనే, నీళ్లకు కరువొచ్చేదీ వేసవిలోనే. సుంకేసుల నుంచి వచ్చే నీటి మీద, సమ్మర్ స్టోరేజీ ట్యాంకు మీద ఆధారపడే ఊళ్లో తాగునీటి ట్యాంకరు కోసం వీధి ఎదురుచూస్తుంటే శిథిలాల మీద నీళ్లు చల్లుతూ నిలబడడం ఏ అధికారికైనా ఇబ్బందే. చల్లకపోతే ఇంకో చిక్కు. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల కోసం 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో కర్నూలు ఉంది, అనంతపురం, కడప కూడా చేరాయి. గాలిలో ధూళి తగ్గించడానికి ఒక చేత్తో నిధులు తీసుకుంటూ మరో చేత్తో దుమ్ము లేపడం కుదరదు. శుద్ధి చేసిన మురుగునీటిని వాడుకోవచ్చు, దాన్ని మోసుకొచ్చే ట్యాంకరు బాడుగను ముందే అంచనాలో చేర్చాలి. ఎవరూ చేర్చరు.

స్థలం ఖాళీ అయ్యాక

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధానినే డేరాల్లో నడిపిన ఊరు మన కర్నూలు. ఇప్పుడు ఒక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాన్ని డేరాలో నడపమంటే ఎవరూ ఒప్పుకోరు. కూల్చే భవనంలోని కార్యాలయానికి అద్దె ఇల్లు వెతకాలి, అక్కడికి కరెంటు, నెట్టు, సర్వర్లు మార్చాలి. రికార్డులు తరలించాలి. పాత దస్తావేజుల కట్టలు విప్పి, జాబితా రాసి, చెదలు లేని గదిలో పెట్టడం లారీ మాట్లాడుకున్నంత సులువు కాదు. దారిలో పోయిన ఒక్క రిజిస్టరు పదేళ్ల వ్యాజ్యానికి విత్తనం కాగలదు.

కొత్త భవనం పద్దెనిమిది నెలల్లో పూర్తవుతుందన్న మాట మీద అద్దె లెక్క వేస్తారు. నిధులు ఆగి, టెండరు రద్దయి, ప్రభుత్వం మారి అది నాలుగైదేళ్లు సాగితే అద్దె కూడా అంతకాలం సాగుతుంది. నా దృష్టిలో కూల్చివేతలన్నిటిలో అతి పెద్ద దాచిన ఖర్చు ఇదే: చేతిలో డబ్బు లేకుండా, పరిపాలనా ఆమోదం ఒక్కటే చూసుకుని పాతదాన్ని పడగొట్టడం. ఖాళీ స్థలానికి ప్రహరీ కావాలి, కాపలా కావాలి. లేకపోతే ముందు చెత్త వస్తుంది, తర్వాత బండ్లు, ఆ తర్వాత గుడిసో గుడో వెలుస్తుంది. దాన్ని తొలగించడం పాత భవనాన్ని కూల్చడం కంటే కష్టం.

మున్సిపల్ కాంప్లెక్సు అయితే నెలనెలా వచ్చే దుకాణాల అద్దె కూడా పోతుంది. ప్రహరీ గోడను ఆనుకుని బతికే జిరాక్స్ బడ్డీలు, దస్తావేజు లేఖరులు, టీ బండ్లను రాత్రికి రాత్రి లేపేస్తామంటే 2014 నాటి వీధి విక్రేతల చట్టం అడ్డొస్తుంది, 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే న్యాయస్థానం పని ఆపుతుంది. పొక్లెయిన్ బాడుగ ఆగదు.

న్యాయస్థానాల ప్రస్తావన వచ్చింది కాబట్టి హైదరాబాద్ అనుభవం చూడాలి. పాత సచివాలయం కూల్చివేత 2020 జులై 7న మొదలైంది. నాలుగు రోజులు తిరగకముందే శిథిలాలు పడి ఆవరణలోని గుడి, మసీదులు దెబ్బతిన్నాయి. ముఖ్యమంత్రి విచారం తెలిపి ప్రభుత్వ ఖర్చుతో కొత్తవి కట్టిస్తామని ప్రకటించారు. అదే వారంలో పర్యావరణ అనుమతుల ప్రశ్న మీద హైకోర్టు పని ఆపించి, జులై 17న మళ్లీ అనుమతించింది. గుడి, మసీదులు, చర్చి 2023 ఆగస్టుకు సిద్ధమయ్యాయి. తొలి అంచనాలో ఇవేవీ ఉండే అవకాశం లేదు. హైదరాబాద్‌లోనే ఉన్న ఎర్రమంజిల్ ప్యాలెస్ విషయంలో కథ ఇంకోలా ముగిసింది. కొత్త శాసనసభకు 2019 జూన్‌లో అక్కడ శంకుస్థాపన కూడా చేశాక, ఆ పాత ప్యాలెస్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది.

చిన్న ఊళ్లలో చిక్కు ఎక్కువగా దానపత్రాల రూపంలో వస్తుంది. బడి కోసమో ధర్మాసుపత్రి కోసమో ఎవరో ఇచ్చిన స్థలం అయితే, అవసరం మారితే భూమి తిరిగి వారసులకు చెందుతుందన్న షరతు అందులో ఉండవచ్చు. గోడ మీది శిలాఫలకంతో పాటు ఆ దస్తావేజు కూడా చదవాలి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు ఉన్న భవనమైతే పరిస్థితి మరీ విడ్డూరం. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం ఆ పరిధిలో పాత భవనానికి అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చు, కొత్తగా కట్టడం మాత్రం నిషిద్ధం. పడగొట్టాక అక్కడ మళ్లీ గోడ లేపే హక్కే ఉండదు. కోట బురుజులు, సమాధులు ఉన్న కర్నూలు పాతబస్తీలో ఈ దూరం కొలవకుండా వేలం ప్రకటన ఇవ్వడం సాహసమే.

ఇదంతా చదివి పాత భవనాలేవీ ముట్టుకోకూడదని వాదిస్తున్నానని అనుకోవద్దు. పిల్లలు కూర్చునే గదిలో పెచ్చులూడుతుంటే, ఇనుము తుప్పు పట్టి శ్లాబు ఉబ్బుతుంటే కూల్చవలసిందే, అదీ ఆలస్యం లేకుండా. అలాంటి 1970ల, 80ల కాంక్రీటు భవనాల మీద నాకు ఏ మమకారమూ లేదు. రాతి గోడలు, సున్నపు కప్పు ఉన్న కచేరీల విషయంలో మాత్రం పోలిక నిజాయతీగా జరగాలి. మరమ్మతు అంచనా వేసేటప్పుడు ప్రతి పగులునూ లెక్కపెడతారు. కొత్త భవనం అంచనాలో అద్దెలు, రవాణా, పునాదుల తొలగింపు, పక్కిళ్ల పరిహారం వేయరు. తూకం మొదటి నుంచే ఒక పక్కకు ఒరిగి ఉంటే మరమ్మతు ఎప్పుడూ దండగగానే తేలుతుంది.

ఈ కాగితాలు చూడడానికి ఇంజినీరు కానక్కరలేదు. సమాచార హక్కు చట్టం కింద జిల్లా స్థాయి కార్యాలయంలో పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. భవనం పనికిరాదన్న ధ్రువపత్రం, సర్వే రిపోర్టు, వేలం షరతులు, వ్యర్థాల నిర్వహణ ప్రణాళిక, శిథిలాలు ఎక్కడ దించారో చూపే రవాణా రసీదులు, తాత్కాలిక కార్యాలయం అద్దె ఒప్పందం, వీటి ప్రతులు అడగాలి. ముఖ్యంగా వేలం షరతుల ప్రతి దాచుకోవాలి. మూడేళ్ల తర్వాత కొత్త భవనం బిల్లులో పాత పునాదుల తొలగింపు పేరుతో అదనపు పద్దు కనిపించినప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి అదే పనికొస్తుంది.